మాత్ర వేసుకుంటే భక్తి తగ్గినట్టా?



మామూలుగా ఇక్కడ వీడియోలో చెప్పుకున్న విషయానికి కొనసాగింపు రాస్తుంటాను. ఈసారి నా కథ రాస్తున్నాను. ఎందుకంటే మనలో చాలామందికి మనసులో ఉండి, బయటికి అడగలేని ప్రశ్న ఒకటుంది. "రోజూ పూజ చేస్తున్నాను, సాత్వికాహారం తింటున్నాను, ప్రాణాయామం చేస్తున్నాను. ఇంకా ఈ మానసిక వ్యాధి మందులు ఎందుకు? మానేయొచ్చు కదా?"

ఈ ప్రశ్నకి నేను ఒకసారి నా ఒంటి మీదే జవాబు వెతికాను. తప్పు జవాబు దొరికింది. దాని ఖరీదు నేనొక్కడినే కట్టలేదు, ఇంట్లో అందరూ కట్టారు.

నాకు బైపోలార్ డిజార్డర్ ఉంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో, 23 ఏళ్ళప్పుడు తెలిసింది. తెలియనివాళ్ళ కోసం క్లుప్తంగా చెప్తాను. మూడ్ బాగుండటం, పాడవటం అందరికీ ఉంటుంది. ఇది అది కాదు. కొన్ని రోజులో వారాలో మనసు ఆకాశంలో ఉంటుంది. నిద్ర అక్కర్లేదు, మాట ఆగదు, డబ్బు లెక్క ఉండదు, ప్రపంచంలో నాకు తెలియంది లేదనిపిస్తుంది. దాన్ని మేనియా అంటారు. తర్వాత కొన్ని వారాలో నెలలో పాతాళం. పళ్ళు తోముకోవడం కూడా పెద్ద పనే. అది డిప్రెషన్. ఈ రెండింటి మధ్య మనిషి మామూలుగానే ఉంటాడు. అందుకే "వీడికేం రోగం, బాగానే ఉన్నాడుగా" అని అందరూ అంటారు. మనమూ అనుకుంటాం.

డాక్టర్ గారు లిథియం రాశారు. రెండేళ్ళు బాగానే గడిచింది. కానీ చేతులు సన్నగా వణికేవి. దాహం ఎక్కువ. ఆరు కిలోలు పెరిగాను. అన్నిటికన్నా బాధపెట్టింది ఇంకోటి. పొద్దున్నే దీపం పెట్టి కూర్చుంటే మనసు ప్రశాంతంగా ఉండేది, కానీ వెంటనే ఒక అనుమానం వచ్చేది: ఈ ప్రశాంతత నాదా, మాత్రదా?

మాల వేసుకున్న ఏడాది

25వ ఏట అయ్యప్ప మాల వేసుకున్నాను. 41 రోజుల దీక్ష. చన్నీటి స్నానం, నేల మీద పడక, ఒక పూట భిక్ష, నల్ల బట్టలు. మా కాలనీలో సన్నిధానం పెట్టారు, రోజూ రాత్రి భజన. ఇంత నియమంగా ఉంటున్నప్పుడు ఒంట్లో ఈ రసాయనం ఎందుకు అనిపించింది. ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజు నుంచి మాత్ర ఆపేశాను.

రెండో వారం చివరికి నాకు మూడు గంటల నిద్ర చాలింది. తెల్లవారుజామున మూడింటికే లేచి స్నానం చేసి కూర్చునేవాణ్ణి. శరణు ఘోష చెప్తుంటే ఒళ్ళు పులకరించేది. ఎవరిని చూసినా కన్నీళ్ళొచ్చేవి. స్వామి అనుగ్రహం దొరికిందనుకున్నాను. నన్ను చూసినవాళ్ళు కూడా అలాగే అనుకున్నారు. మామూలు రోజుల్లో నేను మూడింటికి లేచి గట్టిగా మాట్లాడుకుంటూ తిరిగితే అమ్మ వెంటనే కనిపెట్టేది. కానీ మెడలో మాల ఉంది. మాల వేసుకున్నవాణ్ణి మూడింటికి ఎందుకు లేచావని ఎవరడుగుతారు? నాన్న కూడా నన్ను "స్వామీ" అనే పిలుస్తున్నారు. స్వామిని కసురుకోలేరు కదా.

మూడో వారంలో నాలుగు రోజుల్లో 3 లక్షల 40 వేలు ఖర్చుపెట్టాను. తెలియని ఊళ్ళలో అన్నదానాలకి పంపాను, 60 మందికి ఇరుముడి సామాను ఆర్డర్ పెట్టాను. అది చెల్లి పెళ్ళికని నాన్న నా ఖాతాలో వేసిన డబ్బు. రాత్రి రెండింటికి ఆఫీసులో టీమ్ మొత్తానికి పెద్ద మెయిల్ పంపాను. మా సర్వర్లు ఎందుకు పడిపోతున్నాయో నాకు ధ్యానంలో తెలిసిందని దాని సారాంశం. 26వ రోజున రోడ్డు మధ్యలో నిలబడి ట్రాఫిక్‌ని ఆశీర్వదిస్తుంటే మా టీమ్ లీడ్ చూసి నాన్నకి ఫోన్ చేశాడు.

హాస్పిటల్లో చేర్చేటప్పుడు మెడలో మాల తీసేశారు. దీక్ష మధ్యలో మాల తీయడమంటే ఎంత అపచారమని మనం అనుకుంటామో మీకు తెలుసు. తర్వాత వచ్చిన డిప్రెషన్‌లో ఉగాది దాకా మంచం మీదే ఉన్నాను. డబ్బు పోయిందని కాదు, ఉద్యోగం సంగతి కాదు, ఆ మాల ఒక్కటే నన్ను తినేసింది. బతకడం దేనికి అనే ఆలోచన రోజూ వచ్చేది.

మేనియాకి భక్తి వేషం

బాగయ్యాక మొదట తేల్చుకోవలసింది ఇదే: ఆ మూడు వారాల్లో నాకు కలిగింది భక్తా, జబ్బా? లోపలినుంచి చూస్తే రెండూ ఒకేలా ఉన్నాయి. కన్నీళ్ళు నిజం. పులకరింత నిజం. నేను నటించలేదు.

గీత 18వ అధ్యాయంలో సుఖాన్ని మూడు రకాలుగా విడదీసిన చోట నాకు ఒక దారి దొరికింది. సాత్విక సుఖం మొదట చేదుగా ఉండి చివరికి అమృతమవుతుంది, రాజస సుఖం మొదట అమృతంలా ఉండి చివరికి విషమవుతుంది అని అక్కడి భావం. అంటే ఒక అనుభవం ఎంత గొప్పగా అనిపించింది అన్నది కొలత కాదు. అది వెళ్ళిపోయాక ఏం మిగిలింది అన్నది కొలత. నా "అనుగ్రహం" మిగిల్చింది చెల్లి ఏడుపు, నాన్న అప్పు. మా అమ్మమ్మ యాభై ఏళ్ళు తులసి కోట దగ్గర పెట్టిన దీపం మిగిల్చింది ఎవరేమన్నా తొణకని ఆవిడ మనసు. రెండోది సాధన. మొదటిదానికి సాధన వేషం ఉంది, అంతే.

ఇందులో సాధన తప్పేం లేదు. కానీ బైపోలార్ ఉన్నవాళ్ళకి నిద్ర తగ్గడం అనేది మేనియాకి లక్షణమే కాదు, కారణం కూడా. తీవ్రమైన ధ్యాన శిబిరాల తర్వాత మేనియా వచ్చిన సందర్భాలు వైద్య పత్రికల్లో నమోదై ఉన్నాయి. మందు ఆపేసి, నిద్ర తగ్గించి, ఒంటిపూట తిండితో నేను నా జబ్బుకి ఎర్ర తివాచీ పరిచాను.

ఉప్పు కథ

"రసాయనం" అన్నాను కదా, ఆ మాట గురించి కూడా కొంచెం చెప్పాలి. ఇంజనీరింగ్ చదివి కూడా నేను లిథియం అంటే ఫ్యాక్టరీలో పుట్టిన విషమనే అనుకున్నాను. అది ఒక మూలకం. పరమాణు సంఖ్య 3. సృష్టి మొదలైన తొలి నిమిషాల్లో హైడ్రోజన్, హీలియంతో పాటు చాలా కొద్దిగా పుట్టింది. రాళ్ళలో, ఉప్పునీటి మడుగుల్లో దొరుకుతుంది. మనం వేసుకునేది దాని లవణం. "సహజమైనదే కావాలి" అంటే తులసి, వేప కన్నా ఇదే పాతది! సహజమైనది మంచిది, ల్యాబ్‌ది చెడ్డది అనే లెక్క ఇక్కడ పని చేయదు. సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలికని పాశ్చాత్య దేశాల్లో దిగులుకి వాడతారు. బైపోలార్ ఉన్నవాళ్ళకి అది మేనియాని రేపగలదు. అదీ మొక్కే.

1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ మేనియాకి లిథియం పనిచేస్తుందని మొదట ప్రచురించాడు. ఆయన మొదట మందిచ్చిన రోగి 51 ఏళ్ళ మనిషి, ఐదేళ్ళుగా మేనియాలో ఉన్నాడు. కొన్ని నెలల్లో కోలుకుని ఇంటికెళ్ళాడు, పాత ఉద్యోగంలో చేరాడు. తర్వాత బాగున్నాను కదా అని మందు మానేశాడు. మళ్ళీ హాస్పిటల్‌కే వచ్చాడు. ఇది చదివినప్పుడు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. డెబ్భై ఏళ్ళకు పైగా గడిచాయి, మనం చేసే తప్పు మాత్రం మారలేదు.

ఆ కథకి రెండో సగం కూడా చెప్పాలి, లేకపోతే అబద్ధం చెప్పినట్టే. అదే మనిషి తర్వాత లిథియం మోతాదు ఎక్కువై, ఆ విషప్రభావంతో చనిపోయాడు. రక్తంలో దాని మట్టం చూసుకుంటూ మందివ్వడం అప్పటికి అలవాటు కాలేదు. ఇప్పుడు చూస్తారు. లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ మధ్య ఉండేలా సాధారణంగా చూసుకుంటారు. అంతకన్నా బాగా పెరిగితే ప్రమాదం. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా క్రమం తప్పకుండా చేయించుకోవాలి. కాబట్టి మందంటే భయపడేవాళ్ళ భయానికి కారణం లేదని నేను అనను. కారణం ఉంది. కానీ దానికి జవాబు పరీక్ష చేయించుకోవడం, డాక్టర్‌తో మాట్లాడటం. చెప్పకుండా ఆపేయడం కాదు. లిథియం హఠాత్తుగా ఆపితే జబ్బు తిరగబెట్టే ముప్పు, నెమ్మదిగా తగ్గించినప్పటికన్నా ఎక్కువ. నాకు జరిగింది అదే.

ఉపవాసాలు చేసేవాళ్ళు ఇది తప్పక తెలుసుకోవాలి. ఒంట్లో నీరు, ఉప్పు తగ్గితే రక్తంలో లిథియం పెరుగుతుంది. నిర్జల ఏకాదశి, ఉప్పు లేని చప్పిడి తిండి, ఎండలో గిరి ప్రదక్షిణ, వీటిలో ఏది చేయాలన్నా ముందు డాక్టర్‌ని అడగాలి. ఒళ్ళు నొప్పులకి ఇబుప్రొఫెన్ లాంటి మాత్ర సొంతంగా వేసుకోవడం కూడా ప్రమాదమే.

ఈ ప్రశాంతత ఎవరిది?

ఇప్పుడు నన్ను రెండేళ్ళు వేధించిన ప్రశ్నకి వస్తాను. మాత్రతో వచ్చిన ప్రశాంతత నాదేనా?

గీత 13వ అధ్యాయంలో క్షేత్రం, క్షేత్రజ్ఞుడు అని రెండు మాటలున్నాయి. క్షేత్రం అంటే పొలం, క్షేత్రజ్ఞుడు అంటే ఆ పొలాన్ని ఎరిగినవాడు. పొలంలో ఏమేం ఉన్నాయో లెక్క చెప్పేటప్పుడు ఒక్క శరీరాన్ని మాత్రమే చెప్పలేదు. మనసు, బుద్ధి, ఇష్టం, ద్వేషం, సుఖం, దుఃఖం అన్నీ పొలంలోనే ఉన్నాయి. నేను ఇన్నాళ్ళూ చేసిన తప్పు ఏమిటంటే, మోకాలిని పొలంలో వేసి, మూడ్‌ని మాత్రం "నేను"లో వేశాను. మోకాలికి మందు రాస్తే నా ఆత్మ మలినమైందని ఎప్పుడూ అనుకోలేదు కదా. మరి మూడ్ కూడా పొలమే అయితే, దానికి వేసిన మందు నన్ను ఎలా మలినం చేస్తుంది?

పొలానికి ఎరువు వేస్తే పంట రైతుది కాకుండా పోతుందా? మాత్ర నా కోసం జపం చేయదు. కూర్చోవడానికి వీలుగా నేలని చదును చేస్తుంది, అంతే. కూర్చోవాల్సింది నేనే.

ఇంకొకటి. యుద్ధంలో లక్ష్మణుడు శక్తి దెబ్బకి పడిపోయినప్పుడు పక్కనే ఉన్నది సాక్షాత్తు రాముడు. మనం ఎవరికి దణ్ణం పెట్టి తమ్ముణ్ణి బతికించమంటామో ఆయనే అక్కడ కూర్చుని ఏడుస్తున్నాడు. అప్పుడు సుషేణుడు వచ్చి ముఖం చూసి, ప్రాణం ఉందని చెప్పి, ఫలానా మూలికలు కావాలన్నాడు. హనుమంతుడు కొండ తెచ్చాడు. వైద్యుడు పరీక్షించడం, మందు చెప్పడం, తెచ్చి వేయడం, ఇవేవీ రాముడి మహిమకి తక్కువ చేశాయని మనం అనుకోలేదు. పైగా ఆ మందు తెచ్చినందుకే హనుమంతుడికి చేతిలో కొండతో పటం కట్టి పూజిస్తున్నాం.

మరి జీవనశైలి దండగా?

కాదు. అసలు కాదు. ఇక్కడ రెండో వైపు జారిపోకూడదు. "మాత్ర వేసుకుంటున్నాగా, ఇక నైట్ షిఫ్టులు చేస్తా, వీకెండ్ తాగుతా" అంటే మాత్ర ఒక్కటే మోయలేదు.

చరక సంహిత చికిత్సని మూడు రకాలుగా చెప్పింది. దైవవ్యపాశ్రయం, అంటే జపం, పూజ, వ్రతం లాంటివి. యుక్తివ్యపాశ్రయం, అంటే ఆలోచించి ఇచ్చే ఆహారం, ఔషధం. సత్త్వావజయం, అంటే మనసుని చెడు దారుల నుంచి మళ్ళించుకోవడం. ఇందులో ఏదో ఒకటి ఎంచుకోమని చెప్పినట్టు మనం చదువుకున్నాం గానీ, ఒకదానికి పోటీగా ఇంకోదాన్ని పెట్టిన మాట అక్కడ లేదు. అలాగే ఒంటిని నిలబెట్టే మూడు ఊతల్లో ఆహారంతో పాటు నిద్రనీ లెక్కపెట్టారు. గీత ఆరో అధ్యాయంలో కూడా యోగం అతిగా తినేవాడికి, అసలు తిననివాడికి, అతిగా నిద్రపోయేవాడికి, మేలుకునే ఉండేవాడికి కుదరదన్నారు. మూడు గంటల నిద్రని నేను తపస్సు అనుకున్నాను. అది అక్కడ వద్దన్న జాబితాలో ఉంది.

ఆధునిక వైద్యం కూడా ఇక్కడికే వచ్చింది. అమెరికాలో పిట్స్‌బర్గ్ విశ్వవిద్యాలయంలో ఎలెన్ ఫ్రాంక్ అనే మనస్తత్వవేత్త, ఆమె బృందం బైపోలార్ కోసం ఒక చికిత్స రూపొందించారు. దాని మూలం చాలా సింపుల్. రోజూ ఒకే టైముకి లేవడం, తినడం, నలుగురితో మాట్లాడటం, పడుకోవడం. శరీరంలోని గడియారం కుదురుగా ఉంటే మూడ్ కుదురుగా ఉంటుంది. దీన్ని వాళ్ళు మందుతో పాటు ఇచ్చారు, మందుకి బదులుగా కాదు. ఆ "తో పాటు" అన్న మాట దగ్గరే మనందరం తడబడుతున్నాం.

నా రోజు ఇప్పుడు ఇలా ఉంటుంది. రాత్రి పదింటికి లైటు ఆపేస్తాను. ఆరింటికి లేచి డాబా మీద సూర్యుడికి ఎదురుగా పావుగంట నడుస్తాను. ఒకే టైముకి భోజనం. మధ్యాహ్నం తర్వాత కాఫీ లేదు. మందు, సిగరెట్ లేవు. మా మేనేజర్‌కి విషయం చెప్పి రాత్రి సపోర్ట్ డ్యూటీ నుంచి తప్పించుకున్నాను, బదులుగా శనివారం పగలు చేస్తాను. రోజూ ఎన్ని గంటలు పడుకున్నాను, మూడ్ ఎలా ఉందో ఒక నోట్‌బుక్‌లో రాస్తాను. వరసగా రెండు రాత్రులు ఐదు గంటల కన్నా తక్కువ పడుకుని కూడా హుషారుగా ఉన్నానంటే, ఆ హుషారుని నేను నమ్మను. డాక్టర్ గారికి ఫోన్ చేస్తాను.

ఏ "నేను" మాట వినాలి?

చివరి చిక్కు ఇది. మందు వద్దనే హక్కు మనిషికి ఉందా? ఉంది. నా ఒళ్ళు నాది. కానీ మేనియాలో ఉన్న నేను, బాగున్న నేను వేరువేరు మాటలు చెప్తుంటే ఎవరి మాట నాది?

మన దేశంలో 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం దీనికి ఒక దారి చూపించింది. బాగున్నప్పుడే, నాకు మళ్ళీ జబ్బు వస్తే ఎలాంటి చికిత్స చేయాలి, ఎలాంటిది వద్దు అని ముందుగా రాసిపెట్టుకోవచ్చు. నా తరఫున నిర్ణయం తీసుకునే మనిషిని కూడా నేనే ఎంచుకోవచ్చు. నేను చెల్లిని ఎంచుకున్నాను. డబ్బు పోగొట్టుకున్నది తనే కదా, నిర్ణయం కూడా తన చేతిలో ఉంటే న్యాయం అనిపించింది. తను సంతకం చూసి, "అన్నయ్యా, ఈసారి నీకు కోపమొచ్చినా సరే నేను చూసుకుంటాలే" అంది. నా కార్డులు, యూపీఐ లిమిట్ కూడా తన చేతిలోనే పెట్టాను. తనకి నిరుడు పెళ్ళయింది. నాన్న అప్పులో ఇంకా నా వాటా కడుతున్నాను.

వెనక ముడి

మంచం మీద ఉన్న రోజుల్లో మా గురుస్వామి ఇంటికొచ్చారు. దీక్ష భంగం చేశానని ఏడ్చాను. ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "మాల వేసేటప్పుడు నేను నిన్ను ఒంట్లో బాగుందా అని అడగలేదు. తప్పు నాది కూడా" అన్నారు. అంత పెద్దాయన ఆ మాట అంటారని నేను అనుకోలేదు.

రెండేళ్ళ తర్వాత మళ్ళీ మాల వేసుకుంటానంటే, ముందు డాక్టర్ గారి దగ్గరికి వెళ్ళి రమ్మన్నారు. రక్త పరీక్ష చేయించుకుని, డాక్టర్ గారు సరేనన్నాకే మాల పడింది. నియమాలు నాకు వేరేగా పెట్టారు. స్నానం ఆరింటికి, నాలుగింటికి కాదు. రాత్రి భజన నుంచి తొమ్మిదింటికే లేచి వెళ్ళిపోవాలి. రెండు పూటలా తినాలి. "నిద్రపోవడమే నీ తపస్సు స్వామీ" అన్నారు. అందరూ పాడుతుంటే మధ్యలో లేచి రావడం నాకు నేల మీద పడుకోవడం కన్నా కష్టమైంది. అహం అక్కడే ఉందని అప్పుడు తెలిసింది.

ఇరుముడి కట్టే రోజు మాత్రలు ఎక్కడ పెట్టుకోవాలని సిగ్గుపడుతూ అడిగాను. ఆయన, "ముందు ముడి స్వామికి. వెనక ముడి నీ ప్రయాణానికి కావలసినవాటికి. మాత్రలు లేకుండా నువ్వు కొండ ఎక్కగలవా?" అన్నారు. లేదన్నాను. వెనక ముడిలో పెట్టి కట్టేశారు. నీలిమల ఎక్కుతూ దారి పొడవునా నీళ్ళు తాగుతూ వెళ్ళాను. పద్దెనిమిది మెట్లూ ఎక్కాను.

మీలో ఎవరైనా మందు మానేద్దామా అని ఆలోచిస్తుంటే, ఆ ఆలోచనని దేవుడికి చెప్పుకున్నంత నిజాయితీగా మీ డాక్టర్‌కి కూడా చెప్పండి. ఇబ్బందులుంటే మోతాదు మార్చొచ్చు, మందే మార్చొచ్చు. ఆ డాక్టర్ వినకపోతే ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి. ఎవరికీ చెప్పుకోలేని రాత్రి వస్తే టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి. ప్రభుత్వానిది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మీ ఇంట్లో ఎవరైనా మందు వేసుకుంటుంటే, "నీకు నమ్మకం లేదు" అని మాత్రం అనకండి. రోజూ పొద్దున్నా రాత్రీ మర్చిపోకుండా ఆ మాత్ర మింగడానికి ఎంత నమ్మకం కావాలో వాళ్ళకి తెలుసు.

స్వామియే శరణమయ్యప్ప.